మంచం దగ్గరి పంచాయితీలు

మా నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడని మా అమ్మ బడికి కబురు పంపింది. అప్పుడు నేను ఐదో తరగతికి భిన్నాలు చెప్తున్నాను. మనిషన్నాక ఏదో ఒక పక్కకు తిరిగి పడుకుంటాడు గదా, దానికి బడి వదిలేసి పరుగెత్తాలా అని కబురు తెచ్చిన ఆమెను కసురుకున్నాను. నాకు కోపం ముందు, బుద్ధి తర్వాత. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

సాయంత్రం పుట్టింటికి వెళ్లాను. మా అత్తగారిల్లు, పుట్టిల్లు రెండూ ఆళ్లగడ్డలోనే, నడుమ రెండు వీధులు. వెళ్లి చూస్తే నిజంగానే గోడవైపు తిరిగి ఉన్నాడు. తెల్లవారినప్పటి నుంచీ అంతేనట. సంగటి తెచ్చినా తిరగలేదు, టీ తెచ్చినా తిరగలేదు. ఆఖరికి మా అమ్మ "ఇంట్లోకి పాము వచ్చిందయ్యా" అని కూడా అందట. "కరిస్తే సెప్పు" అని గోడతోనే అన్నాడట.

మా నాయన వీపు ఆళ్లగడ్డలో ఎవరూ సరిగ్గా చూసి ఎరగరు. ఎప్పుడూ మనుషులకు ఎదురుగా కూర్చునే మనిషి. శనక్కాయల మండీలో కాటా వేసేవాడు. అమ్మేవాడూ కొనేవాడూ కాటాను చూడకుండా ఆయన ముఖం చూసి ఒప్పుకునేవాళ్లు. కాటా దగ్గర పక్షపాతం లేనివాడికి తగాదా దగ్గర మాత్రం ఎందుకుంటుంది అనుకున్నారేమో, చుట్టుపక్కల ఊళ్ల నుంచి తగాదాలన్నీ మా వసారాలోకే వచ్చేవి. గట్టు తగాదాలు, గోడ తగాదాలు, అత్తాకోడళ్ల తగాదాలు. చిన్న తగాదాకు రెండు బీడీలు పట్టేవి, గట్టు తగాదాకు ఒక కట్ట. అన్నదమ్ములు భాగాలు పంచుకోవడానికి వచ్చారంటే ఇక ఆ రోజు మా వసారాలో మనుషులు కనిపించేవాళ్లు కాదు, పొగలోంచి మాటలే వినిపించేవి.

ఆయన పంచాయితీకి రెండే నియమాలు. ఒకటి, తన తగాదాకు తాను పెద్దమనిషి కాకూడదు. రెండు, తీర్పు అయ్యాక ఇద్దరూ ఒకే తట్టలో, అంటే పళ్లెంలో, పెట్టిన టీ తాగి పోవాలి. ఆ టీ పెట్టేది మా అమ్మ. నలభై ఏళ్లు తలుపు వెనక నిలబడి ఊళ్లో తగాదాలన్నీ వింది. ఒక్కదాంట్లోనైనా ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడమని ఆమెను అడిగినవాళ్లూ లేరు.

1980ల మొదట్లో ఆయనకు దగ్గు పట్టుకుంది. బీడీ దగ్గులే అనుకున్నాం. దగ్గులో ఎరుపు కనిపించాక నేనూ, దొర్నిపాడు నుంచి వచ్చిన మా మేనత్తా కలిసి ఆయన్ను బస్సెక్కించి నంద్యాలకు తీసుకుపోయాం. డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. కర్నూలు పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడి కాగితాలు వచ్చాక నన్నూ అత్తనూ లోపలికి పిలిచి, తలుపు వేసి చెప్పాడు. ఊపిరితిత్తుల్లో క్యాన్సరు, కోతకు దాటిపోయింది, దగ్గుకూ నొప్పికీ మందులిస్తాను అన్నాడు. నేను ఆ కాగితాలు మళ్లీ మొదటి నుంచి తిప్పాను. అత్త మాత్రం అక్కడే, ఆ గదిలోనే తీర్మానం చేసేసింది.

"మా అన్నకు నిమ్ము పట్టింది. అంతే. ఎవురన్నా ఇంగో మాట అన్నారంటే నా సచ్చిన మొగం సూస్తారు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాయన అడిగాడు. "ఏమన్నాడు పాపా?"

"నిమ్మంట నాయనా."

"నిమ్మా?"

"నిమ్మే" అంది అత్త వెనక సీటులోంచి. పక్కనున్న ఆమెవరో కూడా "నిమ్మే అయ్యుంటాదిలేప్పా" అని సాక్ష్యం చెప్పింది. ఆయన ఆళ్లగడ్డ దాకా కిటికీలోంచి వరిమళ్లు చూస్తూ కూర్చున్నాడు. ఎక్స్‌రే కవరును ఇంటికి చేరగానే మా అమ్మ బియ్యం డ్రమ్ములో అడుక్కు దూర్చింది. ఆ డ్రమ్ము జోలికి మగవాళ్లెవరూ పోరని ఆమె ధైర్యం.

ఊరంతటికీ మూడు రోజుల్లో తెలిసిపోయింది, ఆయనకు తప్ప. తెలిసిన ప్రతివాడూ బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని పలకరించడానికి వచ్చాడు. మా వైపు ఎవరికి ఏ జబ్బు చేసినా బ్రెడ్డే తెస్తారు. మేము తినలేక ఉప్మా చేశాం, పాలల్లో ముంచాం, చివరికి పక్కింటి బర్రెకు వేశాం. పది రోజులకు ఆ బర్రె కూడా ముఖం తిప్పుకుంది.

బ్రెడ్డును భరించవచ్చు, పలకరింపులను భరించలేం. "ఏం గాదులేప్పా, మా బావకు గూడా ఇట్లనే నిమ్ము పట్టింది" అని ఒకాయన ధైర్యం చెప్పాడు. "ఇప్పుడెట్లుండాడు?" అని నాయన అడిగాడు. వచ్చినాయన కాసేపు బ్రెడ్డు ప్యాకెట్టు వంక చూసి "పోయినాడు" అన్నాడు. ఇంకొకామె గడపలో అడుగు పెట్టడమే ముక్కు చీదుతూ వచ్చింది. నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత బడి విడిచిన వెంటనే వచ్చి వాకిట్లో నిలబడేదాన్ని. ఏడిస్తే లోపలికి పంపను, పోయినోళ్ల ముచ్చట ఎత్తితే బ్రెడ్డు కూడా తీసుకోను అని చెప్పి మరీ పంపేదాన్ని.

తగాదాలను కూడా నేనే ఆపాను. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఊళ్లోవాళ్లు పాపం పెద్దాయన్ను కష్టపెట్టకూడదని వాళ్లంతట వాళ్లే తగ్గించుకున్నారు. గోస్పాడు నుంచి ఇద్దరు అన్నదమ్ములు మాత్రం సంగతి తెలియక గట్టు తగాదాతో వచ్చారు. వాళ్లను నేను వాకిట్లోనే నిలబెట్టి కడిగేశాను. "మనిషికి పానం బాగలేకుంటే మీ గట్టు గోలేందప్పా? సిగ్గుండాల మీకు!" అన్నాను. వాళ్లు సిగ్గుపడి ఊరికి పోయి తమలో తామే సర్దుకున్నారట. అది విని నేను పొంగిపోయాను కూడా. వసారా అవతల మంచం మీద మా నాయన అంతా విన్నాడు. మరుసటి రోజే గోడవైపు తిరిగాడు.

వారం గడిచింది. మందు నోట్లో పోస్తే మింగేవాడు, అంతే. ముద్ద లోపలికి పోవడం లేదు, మాట బయటికి రావడం లేదు. ఆయన్ను బస్సెక్కించడం కుదరక నేనూ అత్తా మళ్లీ నంద్యాలకు పోయాం. డాక్టరు అంతా విన్నాడు. "మందు నేనిస్తాను. కానీ మనిషి మనసు విరిచేసుకుంటే నా మందు సగమైనా పనిచేయదు. కర్నూల్లో మనసు డాక్టరున్నారు, రాసిస్తాను, తీసుకుపోతారా?" అన్నాడు.

అత్త లేచి నిలబడింది. "మనసు డాక్టరంటే పిచ్చి డాక్టరే గదా! మా అన్నకు పిచ్చంటావా సామీ? మా ఇంటా వంటా లేదు. ఉంటే గింటే ఈ పిల్లకుండాది!" అని నన్ను చూపించింది.

డాక్టరుకు నవ్వొచ్చింది, నాకు రాలేదు. నేను ఏడ్చేశాను. నిమ్మనీ ఎక్స్‌రే అనీ వాకిలి కాపలా అనీ ఇన్నాళ్లు బిగబట్టుకున్నదంతా ఆ బల్ల మీద పడింది. అత్త నా వీపు రాస్తూ తానూ అందుకుంది. డాక్టరు మా ఇద్దరికీ నీళ్లు తెప్పించి, అవతల గదిలో రోగులు కాచుకుని ఉన్నా మమ్మల్ని తొందర పెట్టకుండా కూర్చున్నాడు. తర్వాత అడిగాడు, "ఆయనకు ఏం చేస్తే బాగుంటుంది? జబ్బుకు కాదు, ఆయనకు."

"తగాదాలు తీర్చడమంటే పానం."

"మరి తీరుస్తున్నాడా?"

అత్త నా వైపు చూసింది. గోస్పాడు అన్నదమ్ముల సంగతి ఆమెకు తెలుసు.

ఇంటికి వస్తూనే తగాదా కోసం ఊరి మీద పడ్డాను. ఏం చెప్పమంటారు! ఆళ్లగడ్డ, తగాదాలకు అంత పేరున్న ఊరు, ఒక్క తగాదా ఇవ్వలేకపోయింది. ఇంటింటికీ తిరిగి "మీకేమన్నా గొడవలున్నాయా?" అని అడిగాను. "లేవమ్మా, బాగుండాం" అన్నారు. బాగుంటే నాకు కోపం. అన్నదమ్ములు కలిసి ఉన్నారు, అత్తలు కోడళ్లకు తల దువ్వుతున్నారు. మా నాయన మీద ప్రేమతో ఊరంతా నోరు కుట్టుకుని కూర్చుంది. ఆ ప్రేమే ఆయన్ను చంపేట్టుంది.

దొరకనప్పుడు తయారు చేసుకోవాల్సిందే అనుకున్నాను. మా అమ్మగారింటి పక్కన మిషన్ కుట్టే వదిన ఉండేది. ఎదురుగా సైకిల్ షాపు అన్న. వదినకు కోళ్లున్నాయి. అన్న ఇంటి ముందర ఎండుమిరపకాయలు ఆరబోస్తాడు. వదిన కోడి అన్న మిరపకాయలు తొక్కిందని తగాదా. ఇద్దరూ చెప్పాల్సిన మాటలు బడి నోటుపుస్తకంలోంచి కాగితాలు చింపి ఎర్ర సిరాతో రాసిచ్చాను. కాపీలు దిద్దే పెన్నే చేతికి దొరికింది.

సైకిల్ షాపు అన్న కాగితం చూసి దిగులు పడ్డాడు. "పాపా, ఆదివారం చర్చిలో నేను వాక్యం సదవాల. అబద్ధం ఆడి ఆడ ఎట్ల నిలబడేది?" అన్నాడు. చాలాసేపు ఆలోచించి ఆయనే ఉపాయం చెప్పాడు. కోడి నిజంగానే తొక్కితే అబద్ధం కాదు గదా. సరేనని మిరపకాయలు పరిచాం. కోడిని తెచ్చి వదిలాం. అది ఘాటుకు తుమ్మిందో ఏమో, ఆమడ దూరం పోయి నిలబడింది. నూకలు చల్లాం. నూకలు తిన్నది, మిరపకాయలు తొక్కలేదు. అంత మర్యాద గల కోడిని నేను మళ్లీ చూడలేదు. ఆఖరికి వదినే దాన్ని పట్టుకుని రెండు కాళ్లూ మిరపకాయల్లో ముంచి తీసింది. "ఇంగ తొక్కినట్లేలే" అని అన్న స్థిమితపడ్డాడు.

మరుసటి పొద్దున ఇద్దరూ మంచం దగ్గరికి వచ్చారు. నేను తలుపు వెనక మా అమ్మ పక్కన నిలబడ్డాను.

"పెద్దాయనా, నాకు న్యాయం కావాల" అన్నాడు అన్న, దూలాల వైపు చూస్తూ పాఠం అప్పజెప్పినట్లు. "ఈమె కోడి నా మిరపకాయలు తొక్కింది."

"నా కోడి అట్లాటిది గాదు" అంది వదిన.

గోడ వైపు నుంచి చప్పుడు లేదు. అన్న మళ్లీ అదే చెప్పాడు. వదిన మళ్లీ అదే చెప్పింది. కాగితంలో రాసింది అయిపోయింది. ఇద్దరూ తలుపు వైపు చూశారు. ఇంకేముంది, ఇంటికి పోదాం అనుకుంటూ ఉండగా గోడ మాట్లాడింది.

"ఏ కోడి?"

అది నేను రాయలేదు. "నల్లది" అన్నాడు అన్న. "ఎర్రది" అంది వదిన. ఇద్దరూ ఒకేసారి. నేను నెత్తి కొట్టుకున్నాను.

మంచం కిర్రుమంది. మా నాయన తిరిగాడు. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నాడు గానీ ఆ చూపు మాత్రం కాటా దగ్గరి చూపే. "ఒకరు నల్లదంటారు, ఒకరు ఎర్రదంటారు. ఇది కోడి తగాదా గాదు. మీ ఇద్దరికీ ఇంగేదో ఉండాది. అది సెప్పండి."

ఇద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వదిన ముందు పగిలింది. "సెప్పమంటే సెప్తా మామా! రెండేండ్ల నుంచి నా కోడి ఈయన షాపులో టైర్ల నడుమ గుడ్లు పెడతాంది. ఒక్క గుడ్డన్నా తెచ్చిచ్చినాడేమో అడుగు!"

"నేను రమ్మన్నానా? దేవుడిచ్చినాడనుకున్నా!" అన్నాడు అన్న. "నువ్వు క్రిస్మస్‌కు నా చొక్కా ఎట్ల కుట్టినావు? చేతులెత్తి ప్రార్థన చేస్తే బొడ్డు కనిపిస్తాంది. చర్చంతా నవ్వింది!"

తర్వాత జరిగింది నేను రాసింది కాదు. గొంతులు వీధి చివరి దాకా వినిపించాయి. నేను నడుమ దూరి ఆపబోతే మా నాయన చెయ్యెత్తి నన్నే ఆపాడు. "దిండియ్యి" అన్నాడు మా అమ్మతో. వీపు వెనక దిండు పెట్టించుకుని కూర్చున్నాడు. వారం తర్వాత కూర్చున్నాడు! గంటసేపు ఇద్దరినీ దగ్గుల మధ్యలో అడ్డంగా నిలువుగా ప్రశ్నలడిగి తీర్పు చెప్పాడు. టైర్ల నడుమ పెట్టిన గుడ్లు దినం మార్చి దినం చెరొకటి. చొక్కాకు కింద పట్టీ వేసి ఇయ్యాల. "టీ పెట్టు" అన్నాడు. టీ తట్టలో ఆయనకూ ఒక గ్లాసు వెళ్లింది. ఖాళీగా తిరిగి వచ్చింది. ఆ ఖాళీ గ్లాసు చూసి మా అమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ రోజు నుంచి నేను తగాదాలు రాసే పనిలో పడ్డాను. బడిలో పిల్లలకు లెక్కలిచ్చి, కింద కూర్చుని ఎర్ర సిరాతో రాసేదాన్ని. వారానికి రెండు. ఎక్కువైతే ఆయనకు ఆయాసం. నేను రాసింది ఒక్కటీ చివరిదాకా నిలవలేదు. ఏ అబద్ధంతో వచ్చినా ఆయన మూడో ప్రశ్నకు దాని కింద ఉన్న నిజం బయటపడేది. మా అత్త రుబ్బురోలు తగాదా పెట్టింది. తన పెళ్లప్పుడు ఇస్తామన్న రుబ్బురోలు మా అమ్మే ఉంచేసుకుందని. ఉత్త నాటకానికి మొదలుపెట్టిన మనిషి సగంలో నిజంగా ఏడ్చింది. ముప్పై ఏళ్లుగా ఆమె కడుపులో రుబ్బురోలు ఉందని మాకెవరికీ తెలియదు. నా మొగుడికైతే నేను బట్టల తగాదా రాసిచ్చాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని "మామా, నీ కూతురు పొద్దున్నే నన్ను తిడతాది" అన్నాడు. నేను తిట్టింది నిజమేనని తేలింది. ఆయన కాఫీ తాగడం అయ్యేదాకా నేను నోరెత్తకూడదని తీర్పు. ఆ మహానుభావుడు ఆ కాఫీని గంటసేపు తాగేవాడు.

నాయన సంగటి తిన్నాడు, రెండు ముద్దలైనా సరే. గడ్డం గీయించుకున్నాడు. మళ్లీ నంద్యాలకు బస్సెక్కాడు. డాక్టరు బరువు చూస్తానని మిషన్ ఎక్కించాడు. నాయన ఎక్కి, దిగి, వంగి, దాని ముల్లును చూశాడు. "డాక్టరు సాబ్, నీ కాటా ఎడమకు లాగతాంది. సరి చేపిచ్చు, రోగులకు అన్యాయమైతాంది" అన్నాడు. తగాదాల సంగతి అప్పటికే విన్న డాక్టరు నా వంక చూసి, ఇదే మందు, ఆపొద్దు అన్నాడు.

అంతా సంజామల నుంచి వచ్చిన మనిషి చెడగొట్టాడు. నా మొగుడి తరఫు చుట్టం. మంచివాడే గానీ మాటలు గుర్తుండవు. కాగితం చేతిలో పట్టుకునే వచ్చాడు. "పెద్దాయనా, నా తమ్ముడు నా మాట వినడం లేదు, నాకు దిక్కెవరు, ఇక్కడ కొంచెం ఏడవాలి" అని గడగడా చదివేశాడు.

మా నాయన ఆయన వంక చూసి "ఏడువు మరి" అన్నాడు.

ఆయన ఏడ్చాడు కూడా. నాయన తీర్పు చెప్పి, టీ తాగించి, పోయేటప్పుడు ఆ కాగితం ఇచ్చిపొమ్మన్నాడు. తర్వాత నన్ను పిలిచాడు. "ఎర్ర సిరా ఎవురిది పాపా?"

తిడతాడేమో అనుకున్నాను. తిట్టలేదు. "రేపు ఆదివారం. అందర్నీ పిలువు. ఒక తగాదా ఉండాది. నాది" అన్నాడు.

మళ్లీ గోడవైపు తిరుగుతాడేమోనని నా భయం. ఆదివారం చర్చి అయ్యాక అందరం మంచం చుట్టూ చేరాం. మా అమ్మ, నేను, నా మొగుడు, అత్త, మిషన్ వదిన, పట్టీ వేసిన చొక్కాలో సైకిల్ షాపు అన్న.

"నా వస్తువొకటి ఈ ఇంట్లో దాసిపెట్టినారు. నా ఎదురుగుండ తెచ్చి పెట్టాల" అన్నాడు నాయన.

మా అమ్మ పోయి కందిపప్పు డబ్బాలోంచి బీడీకట్ట తెచ్చి మంచం మీద పెట్టింది. "ఇది గాదు" అన్నాడు, అంటూనే దాన్ని దిండు కిందికి తోశాడు. నా మొగుడు తల గోక్కుంటూ రేడియోలో బ్యాటరీలు తానే తీసి టార్చిలో వేసుకున్నానని ఒప్పుకున్నాడు. "ఇది గాదు." అత్త ఆయన మఫ్లరును తానే దొర్నిపాడుకు తీసుకుపోయానని చెప్పింది. సైకిల్ షాపు అన్న కూడా, ఎవరూ అడగకపోయినా, నాలుగు గుడ్లు లెక్క తప్పాయని చెప్పి తలదించుకున్నాడు. నాయనకు నవ్వూ దగ్గూ కలిసి వచ్చాయి.

దగ్గు తగ్గాక అన్నాడు. "బియ్యం డ్రమ్ములో ఉండాది. మీ అమ్మ గట్టిగా దాసేదంతా ఆడనే. తీసుకురా పాపా."

పోయి మోచేతి దాకా బియ్యంలో చెయ్యిపెట్టి కవరు లాగాను. తెచ్చి ఆయన చేతికిస్తే మడతల్లోంచి బియ్యం దుప్పటి మీద రాలింది. ఆయన ఎక్స్‌రేను బయటికి తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఇది ఎవురి ఊపిరి? నాదే గదా? నా ఊపిరి ఊరంతా సూసింది. నేను తప్ప" అన్నాడు. "ఇదీ నా తగాదా. నా దానికి నేను పెద్దమనిషి గాగూడదు. మీ అమ్మ తీరుస్తాది."

మా అమ్మ చేతిలో అప్పటికే టీ తట్ట ఉంది. దాన్ని కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. నలభై ఏళ్లు తలుపు వెనక నిలబడ్డ మనిషి మంచానికి ఎదురుగా వచ్చి పీట మీద కూర్చుంది.

"నీకెప్పుడు తెలిసింది?" అంది. ఆమె గొంతు అంత నిలకడగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"పాప గోస్పాడోళ్లను ఎనక్కి పంపినప్పుడు. నిమ్ము పట్టినోని దగ్గరికి తగాదాలు వస్తాయి. సచ్చేటోని దగ్గరికే రావు."

నాకు ఏడుపు ఆగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"మరి కోడి తగాదా?"

"నల్లదా ఎర్రదా అన్నప్పుడే తెలిసింది. కానీ వాళ్ల గుడ్లు నిజం, చొక్కా నిజం. నాకు అది సాలు."

"తెలిసీ మాకెందుకు సెప్పల్యా?"

"మీరంత కష్టపడి దాస్తాంటే నేనెట్ల సెప్పేది?"

తర్వాత మా అమ్మ అడిగిన మాట డాక్టరూ అడగలేదు, బ్రెడ్డు తెచ్చినవాళ్లూ అడగలేదు. ఆయన కూతుర్ని, రోజూ వచ్చి మంచం పక్కన కూర్చున్నదాన్ని, నేనూ అడగలేదు.

"భయమైతాందా?"

మా నాయన ఎక్స్‌రేను ఒళ్లో పెట్టుకున్నాడు. ఊరిలో ఎంతమంది తగాదాలు తీర్చినా ఆయన్ను ఎవరూ ఇట్లా ఎదురు కూర్చుని అడగలేదు.

"అయితాంది" అన్నాడు. "శానా అయితాంది."

అందరి ముందరా ఏడ్చాడు. మా నాయన ఏడవడం అదే మొదట చూశాను. ఎవరమూ ఏమీ కాదులే అనలేదు, మా అమ్మ అననివ్వలేదు. చెయ్యి ఎత్తి అందర్నీ ఆపింది, అచ్చం ఆయన ఆపినట్లే. ఆయన ఏడవడం అయ్యాక తీర్పు చెప్పింది.

"తప్పు రెండు పక్కలా ఉండాది. పటం దాసినందుకు మాది తప్పు. భయం దాసుకున్నందుకు నీది తప్పు. ఇంగ ఈ ఇంట్లో ఏదీ దాసేది లేదు. భయమైతే పిలిచి సెప్పాల, ఎవురో ఒకరం వచ్చి కూసుంటాం. తగాదాలు వచ్చేటివి వస్తాయి, ఎవురూ ఎనక్కి పంపగూడదు. ఎవురూ రాసీగూడదు" అని నా వంక చూసింది. "ఇంగొకటి. నువ్వు ఇటు తిరిగి పండుకోవాల. గోడకు నువ్వేమీ బాకీ లేవు. నీ మనుషులమంతా ఇటుండాం."

"అంతేనా?" అన్నాడు నాయన, కళ్లు తుడుచుకుంటూ.

"అంతే. టీ తాగు. సల్లారిపోతాంది."

ఆ తర్వాత నాలుగైదు నెలలున్నాడు. తీర్పును అక్షరాలా పాటించాడు, మమ్మల్ని ఏడిపిస్తూ మరీ పాటించాడు. "ఓ మే, భయమైతాంది, ఎవురన్నా రాండి" అని ఇంటి నడుమ నుంచి కేక వేసేవాడు, నీళ్లు కావాలన్నట్లు. ఎవరి చేతిలో పని వాళ్లు పడేసి వచ్చి కూర్చునేవాళ్లం. చెయ్యి పట్టుకుంటే చాలు, ఏమీ మాట్లాడనక్కరలేదు. ఒకసారి అందరం పరుగెత్తిపోతే "భయం పోయింది, ఒక బీడీ ఇయ్యండి" అన్నాడు. మా అమ్మ సగం బీడీ ఇచ్చింది. గోస్పాడు అన్నదమ్ములను నేనే పిలిపించి, క్షమించమని అడిగి, వాళ్లకు ఏదన్నా తగాదా ఉంటే తెమ్మన్నాను. పాపం, వాళ్లు నిజంగానే ఒకటి వెతుక్కుని తెచ్చారు.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున నేను మంచం పక్కన కూర్చుని ఉన్నాను. మా అమ్మ వంటింట్లో టీ పెడుతోంది. ఆయనకు ఊపిరి సరిగ్గా అందడం లేదు. ఒళ్లు ఆయన చేతిలో లేదు, మెల్లగా గోడవైపుకు ఒరిగిపోతోంది. వేళ్లు కదిలించి నన్ను దగ్గరికి పిలిచాడు. నేను వంగి చెవి పెట్టాను.

"ఇటు తిప్పు పాపా" అన్నాడు. "మీ అమ్మ ఒప్పుకోదు."

తిప్పాను.